మర్యాదగా ఉంటూనే గట్టిగా చెప్పడం ఎలా?

మా టీమ్‌లో ఎవరైనా తప్పు చేస్తే పక్కకు పిలిచి, ఆ విషయం వరకే మాట్లాడతాను. పక్క టీమ్ మేనేజర్ అందరి ముందూ అరుస్తారు. అక్కడ పని గడువులోపే అవుతోంది, నిజమే. కానీ సమస్య వస్తే ఎవరూ ముందుగా నోరు విప్పరు, చివరి నిమిషంలో బయటపడుతుంది. అయినా పైవాళ్ళు నన్నే ‘ఇంకాస్త కఠినంగా ఉండండి’ అంటున్నారు.

భయం లేకుండా మాట్లాడగలిగే టీముల్లోనే నేర్చుకోవడం ఎక్కువని 1999లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన అధ్యయనంలో తేలింది. నేనూ అదే నమ్ముతాను. కానీ గడువు పదే పదే దాటేసే ఒకతని దగ్గర నా పద్ధతి పనిచేయడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. గొంతు పెంచకుండా, పరువు తీయకుండా ‘ఇక ఇలా కుదరదు’ అని ఎలా చెప్పాలి? మీరైతే ఏ మాటలు వాడారు? అప్పటికీ మారకపోతే ఏం చేశారు? దయచేసి చెప్పండి.