పాత హై ఎల్లో లైన్‌ని అలాగే ఉంచాలా, బయటి రక్తం కలపాలా?

#1 ఇసుకతిన్నె
నా దగ్గర మూడు లెపర్డ్ గెకోలు (పెంచుకునే చుక్కల బల్లులు) ఉన్నాయి. ఒక మగది, రెండు ఆడవి. మూడూ పాత తరహా హై ఎల్లో: పసుపు ఒళ్లు, వీపు మీద చెదురుమదురుగా నల్లచుక్కలు, తోక మీద ఆరెంజ్ లేదు, కళ్లు మామూలువే. ఒక మిత్రుడు పెంపకం మానేస్తూ నాకిచ్చాడు. ఆయనకి ఇంకెవరి దగ్గర్నుంచో వచ్చాయట. వాటితోపాటు ఒక నోటుబుక్కు జిరాక్సులు కూడా వచ్చాయి. ఏ గుడ్డు ఎప్పుడు పెట్టింది, ఎప్పుడు పగిలింది, అన్నీ చేత్తో రాసి ఉన్నాయి.

చిక్కేమిటంటే, ఆడవి రెండూ ఆ మగదాని కూతుళ్లే. తల్లి పోయింది. వీటిని వీటితోనే జతకట్టి లైన్ నిలబెట్టాలా? లేక ఒక తెల్లటి మాక్ స్నోనో, నారింజ రంగు టాంజరీన్‌నో తెచ్చి కలపాలా? ఇప్పుడు ఎక్కడ చూసినా మూడు నాలుగు మార్ఫులు (రంగు రకాలు) కలిపిన కాంబోలే. ఉత్త పసుపుదాన్ని అడిగేవాళ్లు లేరు.

#2 తోకలావు
తోకలు లావుగా ఉన్నాయా? కొవ్వు దాచుకునేది అక్కడే. ముందు అది చెప్పండి.

#3 పాతమచ్చ
అలాగే ఉంచండి. కలపొద్దు.

మాక్ స్నో జన్యువు ఒక్క కాపీ ఉన్నా పైకి కనబడుతుంది, కాబట్టి కావాలంటే తర్వాతి తరంలో ఏరి పక్కన పెట్టొచ్చు అని ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. స్నో కనబడుతుంది, సరే. దాంతోపాటు కనబడకుండా వచ్చేవాటి సంగతేంటి? ఈ రోజుల్లో కాంబోల నుంచి వచ్చిన స్నో దేన్ని తీసుకున్నా లోపల ఏ అల్బినో హెట్ (రెండు కాపీలుంటేనే కనబడే లక్షణం ఒక్క కాపీగా దాగి ఉండటం) ఉందో, కళ్లు నల్లబడే ఎక్లిప్స్ ఉందో చెప్పలేం. అల్బినోలోనే మూడు రకాలు, ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్. ఒకదానికొకటి సంబంధం లేనివి. ట్రెంపర్‌ని బెల్‌తో కలిపితే పిల్లలన్నీ మామూలుగా పుడతాయి. చూసినవాడు నార్మల్ అనుకుంటాడు. రెండు రకాల హెట్టూ లోపలే కూర్చుంటుంది. రెండు తరాలు పోయాక ఎర్రకళ్ల పిల్ల బయటికొస్తే అది ఏ అల్బినోనో పెట్టినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు.

నేను 14 ఏళ్లు ఒకే హై ఎల్లో లైన్ ఉంచాను. ఊరికే మాట మీద కాదు. మూడు ఆడవాటిని ట్రెంపర్ అల్బినో మగదానితో కట్టి పరీక్షించాను. ఒక్కోదానికి 8 పిల్లలు, అన్నీ మామూలువే. తల్లి హెట్ అయ్యుంటే వరసగా 8 మామూలువి వచ్చే అవకాశం 256లో 1. పరీక్ష అంటే అలా ఉండాలి.

#4 గుడ్లబుట్ట
ముందు ఒక సంగతి తేల్చండి. హై ఎల్లో "సంప్రదాయం" ఎప్పుడైంది?

1854లో బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త ఈ జాతిని వర్ణించినప్పుడు హై ఎల్లో అనే మాటే లేదు. అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం రాళ్లగుట్టల్లో తిరిగేది మసక పసుపు బల్లి, ఒళ్లంతా చుక్కలు. వాటిలో కాస్త పసుపెక్కువ ఉన్నవాటిని ఏరి, మళ్లీ ఏరి, మనుషులే హై ఎల్లోని తయారుచేశారు. నిన్నటి ఫ్యాషన్‌కి ముసలితనం వస్తే సంప్రదాయం అయిపోతుందా?

ఇసుకతిన్నె గారూ, తండ్రిని కూతురితో కడితే పుట్టే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్ లెక్క 25 శాతం. అన్నాచెల్లెళ్లని కట్టినా అంతే. అదీ పైతరాల్లో ఏ దగ్గర చుట్టరికమూ లేకపోతే. పైన 14 ఏళ్లు "ఒకే లైన్" అని గర్వంగా చెబుతున్నారు చూడండి, అలాంటిదాని మీద అయితే ఇంకా ఎక్కువ.

#5 పాతమచ్చ
మీరు మాటని పట్టుకుని వేలాడుతున్నారు. సంప్రదాయం కాదంటే "పాతది" అనండి. నాకేం నష్టం లేదు.

కొత్తది కలపడం వల్ల ఏమైందో మర్చిపోయారా? ఎనిగ్మా అనే మార్ఫు వచ్చింది, అందరూ ఎగబడ్డారు. తర్వాత చూస్తే తల వంకర, ఉన్నచోటే గిరగిరా తిరగడం, పురుగు ముందే ఉన్నా పక్కన కొరకడం. లెమన్ ఫ్రాస్ట్ అనే ఇంకో మార్ఫు వచ్చింది. ఆ తెల్లని మెరుపే కణితిగా మారుతుందని తేలింది. 2021లో పరిశోధకులు ఎస్.పి.ఐ.ఎన్.టి.1 అనే జన్యువు దగ్గర దాని మూలం పట్టుకున్నారు. అప్పటికే ఎన్ని ఇళ్లకి చేరిందో!

#6 చీకటిచెట్టు
మధ్యలో ఒక మాట. రంగు చూసి లైన్ నిలబడిందనో పోయిందనో తొందరపడకండి. పిల్ల పుట్టినప్పుడు నలుపు పసుపు పట్టీలే. అవి చుక్కలుగా విడిపోయి అసలు రంగు తేలడానికి ఏడాది పడుతుంది. పొదిగించిన వేడి కూడా కలుస్తుంది, పిల్ల ఆడా మగా అన్నదీ ఆ వేడే తేలుస్తుంది. ఆడవి కావాలని 26 డిగ్రీల దగ్గర పెడితే కాస్త ముదురుగా, మగవాటి కోసం 32 దాటించి పెడితే కాస్త తేటగా రావడం నేను చాలాసార్లు చూశాను. చల్లటి ఇంక్యుబేటర్‌లోంచి వచ్చిన పిల్లని చూసి "లైన్ చెడింది" అన్నవాళ్లూ ఉన్నారు.

#7 గుడ్లబుట్ట
ఎనిగ్మా, లెమన్ ఫ్రాస్ట్ ఒక్క కాపీ ఉన్నా పైకి కనబడేవే. తెచ్చుకోకపోతే సరి. దేని గురించి అడిగినా ఆవు వ్యాసంలా తిప్పి అక్కడికే తెస్తారు. ఇక్కడ అడిగింది ఒక మగది, దాని రెండు కూతుళ్ల గురించి.

ఇంకోటి. మీ పరీక్ష ట్రెంపర్‌కి మాత్రమే. బెల్‌కి, రెయిన్‌వాటర్‌కి చేశారా? చేయకుండా "ప్యూర్" అని ఎలా అమ్మారు? ఆ పరీక్షలో పుట్టిన పిల్లలన్నీ హెట్టే కదా. మూడు ఆడవాటికి 24 పిల్లలు. అవి ఎక్కడికి పోయాయి?

#8 పాతమచ్చ
పెంచుకునేవాళ్లకి ఇచ్చాను. జతకట్టొద్దని చెప్పే ఇచ్చాను.

నా లైన్ చెడింది నా దగ్గర కాదు. ప్యూర్ జత అని నమ్మకంగా ఇస్తే ఒకరు పట్టుకెళ్లి, రెండేళ్లు తిరక్కుండా అల్బినోలు పుట్టాయని నా మీదికే వచ్చారు. ఇంట్లో ఏం కలిపారో, ఏ డబ్బాలో ఏది పెట్టారో వాళ్లకే తెలియాలి. అందుకే చెబుతున్నాను, కలపొద్దని.

#9 తోకలావు
తోక సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

#10 గుడ్లబుట్ట
ఆ ఒకరు నేనే. వేరే పేరుతో వచ్చాను కాబట్టి గుర్తుపట్టలేదు.

2018లో నీ దగ్గర తీసుకున్నాను. ఒక మగది, ఒక ఆడది, రెండూ 2017 జూలై పిల్లలు. అన్నాచెల్లెళ్లు కదా, బయటిదాన్ని తెచ్చుకోనా అని అడిగితే "వద్దు, లైన్ పాడవుతుంది, వీటినే కట్టు" అన్నది నువ్వే. కట్టాను. 2019లో 6 పిల్లలు, అన్నీ మామూలువి. 2020లో 8 పుడితే రెండు ఎర్రకళ్లవి. అప్పటిదాకా మా ఇంట్లో అల్బినో అన్నదే అడుగు పెట్టలేదు. ఫోటో పంపితే ఏమన్నావు? "ఎవరిని మోసం చేస్తావ్?" అన్నావు.

#11 పాతమచ్చ
మీ ఇంట్లో అల్బినో లేదని నేనెలా నమ్మాలి?

#12 నిర్వాహకుడు
ఇద్దరూ మళ్లీ "మీరు"లోకి రండి. లేకపోతే చర్చ మూసేస్తాను.

#13 గుడ్లబుట్ట
సరే, మీరు. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

నాకు హై ఎల్లో మీద పగ లేదు. పగంతా ఒక్కదాని మీదే. ఒకసారి మీరు "కలిపాడు" అన్నాక నా దగ్గర పిల్లని ఎవరూ తీసుకోలేదు. 12 పిల్లలు, 12 డబ్బాలు. పొద్దున లేవగానే మీల్‌వర్మ్‌లు లెక్కపెట్టి వేయడం, వారానికోసారి తూకం. జంతువు నాది, కట్టింది మీరు చెప్పినట్టే. అయినా అది ఏమిటో చెప్పే హక్కు మాత్రం మీదే అన్నట్టు మాట్లాడారు. ఇచ్చేశాక కూడా ప్యూరా కాదా అన్నది మీ నోటి మాటేనా? నా కాగితాలకి విలువ లేదా?

#14 పాతమచ్చ
నా బాధ కూడా వినండి. ఇంట్లో ఏదైనా అయితే ఎక్కడో ఒకచోట ఉంటుందని ఐదారుగురికి జతలు ఇచ్చాను. అమ్ముకోవడానికి కాదు, దాచడానికి. ఒకరు టాంజరీన్ కలిపారు. ఒకరు రాప్టర్ అనే కాంబోలో కలిపారు. ఇంకొకరు మొత్తం వదిలించుకున్నారు. నా దగ్గర ఉన్నవి ముసలివై ఒక్కొక్కటే పోయాయి. చివరి ఆడది పోయినప్పుడు ఇచ్చినవాళ్లందరికీ ఫోన్ చేశాను, ఒక్క జత తిరిగిస్తారేమోనని. ఎవరి దగ్గరా లేదు.

మీరు నాది పాడుచేశారనే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను.

#15 ఇసుకతిన్నె
నిన్నటి నుంచి చెప్పాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. నా దగ్గరున్న జిరాక్సులు పాతమచ్చ గారి నోటుబుక్కువే అనుకుంటాను. ట్రెంపర్ మగది, మూడు ఆడవి, ఒక్కోదానికి 8, అంతా అలాగే ఉంది. 2017 పేజీలో 4వ నంబరు ఆడదాని కింద ఇలా రాసి ఉంది:

"ఫిబ్రవరి 10 – ట్రెంపర్ మగదాని దగ్గర పెట్టాను. మార్చి 8 – 2 గుడ్లు. మార్చి 30 – 2. ఏప్రిల్ 20 – 2. మే 11 – 2. పరీక్షకి 8 చాలు. మే 20 – మన మగదాని దగ్గరికి మార్చాను. జూన్ 1 – 2 (17-23, 17-24). జూన్ 22 – 2 (17-25, 17-26)."

పక్కన మార్జిన్‌లో వేరే సిరాతో "8కి 8 మామూలు. ప్యూర్." అని ఉంది. 23, 24 ఎదురుగా జూలైలో గుడ్డు పగిలినట్టు తేదీ ఉంది. 17-25 నా దగ్గరున్న మగది.

#16 చీకటిచెట్టు
మే 20న మార్చారు, జూన్ 1న గుడ్లు. మధ్యలో 12 రోజులు.

జతకట్టాక గుడ్డు పెట్టడానికి మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. పైగా ఈ ఆడవి మగదాని వీర్యాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒక్కసారి జతకడితే సీజన్ పొడుగునా ఫలించిన గుడ్లు పెట్టగలవు. జూన్ 1 గుడ్లకి తండ్రి మీ హై ఎల్లో మగది అయ్యే వీలే దాదాపు లేదు. ట్రెంపర్ మగదే. అంటే 23, 24 రెండూ నూటికి నూరు హెట్. వాటిని ఒకదానితో ఒకటి కడితే నాలుగింట ఒకటి అల్బినో రావాలి. 14లో 2 వచ్చాయి.

తల్లి శుభ్రంగానే ఉంది. పరీక్ష కూడా సరిగ్గానే చేశారు. ఆ పరీక్షే లైన్‌లోకి అల్బినోని తెచ్చింది.

#17 తోకలావు
నేనేం మాట్లాడను.

#18 పాతమచ్చ
జిరాక్సులో తేదీ తప్పు పడిందేమోనని అసలు నోటుబుక్కు తీసి చూశాను. మే 20 అనే ఉంది. నా చేతి రాతే.

23, 24 గుడ్లబుట్ట గారికిచ్చినవే.

మిగతా రెండు ఆడవాటి పేజీలు కూడా చూశాను. వాటిని పరీక్ష అయ్యాక మరుసటి ఏడాది దాకా విడిగా ఉంచాను. దీన్ని ఒక్కదాన్నే ఆగకుండా మార్చాను. ఎందుకు ఆగలేదో గుర్తులేదు. సీజన్ అయిపోతోందని అనుకునుంటాను.

#19 ఇసుకతిన్నె
మరి నా మగది? 17-25, జూన్ 22 గుడ్డు.

#20 చీకటిచెట్టు
మార్చిన 33 రోజులకి పెట్టింది. తండ్రి ఎవరైనా కావచ్చు. అది హెట్ అయితే కూతుళ్లు ఒక్కోటి హెట్ అయ్యే అవకాశం సగానికి సగం.

#21 గుడ్లబుట్ట
2020లో పుట్టిన ఎర్రకళ్లవాటిలో ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది. ఆడది. 62 గ్రాములు, తిండి బాగా తింటుంది. మీ మగదాన్ని పరీక్షించాలనుకుంటే ఇస్తాను. మగదానికి పరీక్ష పెడితే ఈ గొడవ లేదు, కడుపులో దాచుకునేది ఆడదే కదా. ఒక్క ఎర్రకన్ను పుట్టినా తేలిపోతుంది.

బయటి రక్తం గురించి నా మాట మారలేదు. ఈ పరీక్షలో ఏం తేలినా తండ్రినీ కూతుర్నీ కట్టొద్దు.

#22 పాతమచ్చ
కట్టక తప్పదు, ఇంకెక్కడా లేవు. కనీసం 10 పిల్లల్ని చూడండి. 8 చాలవు.

#23 గుడ్లబుట్ట
ఆ 10 ఎవరికిస్తారు?

#24 ఇసుకతిన్నె
ఎవరికీ ఇవ్వను. నా దగ్గర ఖాళీ డబ్బాలు నాలుగున్నాయి, ఇంకో ఆరు చూసుకోవాలి. తోకలావు గారూ, మగదాని తోక మెడకన్నా లావుగానే ఉంది.