జేజినాయన పెట్టెలో దొరికిన రెండు ఇంకు పెన్నులు, మళ్ళీ రాయించడం ఎలా?

కర్నూలు నుంచి ప్రశ్న:

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇల్లు మారుతుంటే మా జేజినాయన ట్రంకు పెట్టెలో రెండు ఇంకు పెన్నులు బయటపడ్డాయి. ఒకటి లావుగా ఉంటుంది, ఒకప్పుడు నల్లటిదే, ఇప్పుడు గోధుమ రంగుకు తిరిగింది, వెనక గొట్టంలో ఫిల్లరుతో ఇంకు పోసే రకం. రెండోది పార్కర్. క్యాప్ స్టీలుది, క్లిప్పు బాణంలా ఉంది, పాళీ మొత్తం లోపలే దాక్కుని కొన మాత్రం బయటికి కనిపిస్తుంది. రెండిట్లోనూ ఇంకు ఎండి గడ్డకట్టింది, గీత కూడా పడటం లేదు. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే రెండిటికీ పాళీలు మార్చాల్సిందే అన్నారు, నాకు మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నా. ఒక వీడియోలో ఏమో మరిగే నీళ్ళలో వేయమంటున్నారు, వేయొచ్చా? పెట్టెలోనే సగం ఉన్న ఇంకు బుడ్డి కూడా ఉంది, అది వాడొచ్చా? గ్రూప్స్‌కి చదువుతున్నా, నోట్సంతా ఆయన పెన్నులతోనే రాసుకోవాలని ఉంది.

అనంతపురం నుంచి జవాబు:

తమ్ముడూ, ముందు ఆ వేడినీళ్ళ ఆలోచన మానుకో. పాళీలు కూడా ఎవరికీ ఇవ్వొద్దు. ఏళ్ళ తరబడి మూలన పడిన పెన్ను రాయకపోతే చాలాసార్లు కారణం ఎండిన ఇంకే, పాళీ కాదు. ఇంకు నీళ్ళలో కరిగేదే కాబట్టి మామూలు చన్నీళ్ళు, కాస్త ఓపిక ఉంటే చాలు. స్పిరిట్, శానిటైజర్, గోళ్ళ రంగు తుడిచే మందు ఇలాంటివి దగ్గరికి రానీయొద్దు, పాత ప్లాస్టిక్కు పాడైపోతుంది.

నీళ్ళ విషయంలో ఒక మాట. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పనీళ్ళే కదా, గ్లాసు మీద తెల్లటి మరక ఎలా పడుతుందో పెన్ను లోపలి సన్నటి గాళ్ళలో కూడా అలాగే పేరుకుంటుంది. అందుకని ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాను తెచ్చుకో, అది లేకపోతే ఆర్వో నీళ్ళయినా ఫర్వాలేదు.

లావు పెన్ను నువ్వు చెప్పిన దాన్ని బట్టి ఎబొనైట్‌దే అయ్యుండాలి, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. రాజమండ్రిలో రత్నం పెన్నులు 1932 నుంచి ఈ సరుకుతోనే చేస్తూ వచ్చారు, స్వదేశీ ఉద్యమం రోజుల్లో మొదలైన పని అది. నీది ఎవరు చేసిందో తెలియాలంటే గొట్టం మీద, క్లిప్పు మీద పేరు చెక్కి ఉందేమో ఏటవాలు వెలుతురులో చూడు. ఎబొనైట్‌కి ఎండా, తడీ రెండూ పడవు. గోధుమ రంగు వచ్చింది అందుకే, వేడినీళ్ళలో వేస్తే ఇంకా పాలిపోతుంది. కాబట్టి పెన్ను మొత్తం ముంచకుండా, చిన్న గిన్నెలో పాళీ, దాని కింద గాళ్ళున్న నల్లటి ఫీడు మునిగేంత నీళ్ళు మాత్రం పోసి నిలబెట్టు. నీళ్ళు నీలంగా మారినప్పుడల్లా పారబోసి కొత్తవి పొయ్యి. రాత్రంతా ఉంచినా ఏం కాదు. రంగు దిగడం ఆగిపోయాక కూడా పాళీ కదలకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి ఇంకోసారి నానబెట్టు. నానిన తర్వాత పాళీని, ఫీడునీ కలిపి గుడ్డతో పట్టుకుని నేరుగా లాగాలి, తిప్పకూడదు. తిప్పితే ఫీడు విరుగుతుంది, దానికి జోడు దొరకడం కష్టం. లాగినా రాకపోతే వదిలేయ్, ఊడదీయకుండానే శుభ్రం చేసుకోవచ్చు.

పార్కర్ నీ వర్ణన ప్రకారం 51 మోడల్ కావచ్చు. ఇది 1941లో మార్కెట్లోకి వచ్చింది. చైనా హీరో పెన్నులు కొన్ని అచ్చం ఇలాగే ఉంటాయి కాబట్టి క్యాప్ మీది అక్షరాలు ఒకసారి చదువు. వెనక గొట్టం విప్పి చూడు. లోపల లోహపు తొడుగు, దానికి నొక్కే పట్టీ ఉంటే 1948 తర్వాత వచ్చిన రకం, నీ అదృష్టం. అందులోని ఇంకు సంచి ఇన్నేళ్ళయినా చాలావాటిలో మెత్తగానే ఉంటుంది. కొన నీళ్ళలో ముంచి పట్టీని నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ ఉండు, తొడుగును మాత్రం ఊడబెరక్కు. ఈ పెన్నులో పాళీ చుట్టూ సన్నటి రేకులున్న భాగం ఒకటి ఉంటుంది, చాలా ఇంకు దాంట్లోనే దాక్కుంటుంది, అందుకే మామూలు పెన్నుకంటే ఇది శుభ్రపడటానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కడిగినప్పుడల్లా టిష్యూ కాగితం మడిచి కొన కిందికి పెట్టి నిలబెడితే లోపలి తడీ రంగూ కాగితమే పీల్చేస్తుంది. అలా కాకుండా గొట్టం చివర చిన్న మూత విప్పితే నొక్కే పుల్ల కనిపించిందనుకో, అది అంతకు ముందు రకం. దాంట్లో రబ్బరు పొర ఉంటుంది, ఇన్నేళ్ళకి అది బిగుసుకుపోయే ఉంటుంది. దాన్ని మార్చడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, ఇంట్లో ప్రయత్నించొద్దు, తెలిసినవాళ్ళకే ఇవ్వు.

కడప నుంచి జవాబు:

అన్న శుభ్రం చేయడం అంతా చెప్పేశాడు, నేను పాళీ గురించి, ఇంకు గురించి చెప్తా. కడిగాక కూడా గీరుకుంటూ రాస్తే గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిది తెచ్చి కొనను ఎదురుగా చూడమ్మా. పాళీ చీలికకు రెండు వైపులా ఉన్న రెండు కొనలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి లేచి ఉంటే ఒక వైపు గీసినప్పుడు మాత్రమే గీరుకుంటుంది, లేచిన దాన్ని గోటితో కొద్దికొద్దిగా కిందికి నొక్కి సరిచెయ్యి. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, పెన్ను ఎడమకీ పైకీ తోసుకుంటూ పోవాలి. కొనలు సరిగా లేకపోతే ఇంగ్లీషులో అంత తెలియదు గానీ తెలుగు రాస్తే మొదటి లైనులోనే బయటపడుతుంది. కొనను రుద్దడానికి ఉప్పు కాగితం (గరుకు కాగితం) మాత్రం ముట్టుకోవద్దు. కొనకు అతికించిన గట్టి లోహపు గింజ ఉంటుంది, అది అరిగిపోతే తిరిగి రాదు, బంగారు పాళీ అయినా సరే పనికిరాదు. పాళీ మీద 14కె అని గానీ 585 అని గానీ ఉంటే బంగారమే, అస్సలు మార్చనివ్వకు. ఇంకు సరిగా దిగకపోతే పల్చటి ఇత్తడి రేకు ఒకటి చీలికలో మెల్లగా జార్చి తియ్యి, బ్లేడు పెట్టావంటే లోహం కోసుకుపోతుంది.

పాత బుడ్డిలో ఇంకు పారబోసెయ్. వాసన వచ్చినా, పైన పొర కట్టినా అది బూజే, పెన్నులోకి పోతే వదలదు. బుడ్డి దాచుకో. కొత్తగా మొదలుపెట్టడానికి క్యామ్లిన్, బ్రిల్, పార్కర్ క్వింక్ ఏదైనా రాయల్ బ్లూ తీసుకో. తేలిగ్గా కడుక్కుపోయే ఇంకు కాబట్టి పాత పెన్నుకు ప్రమాదం లేదు. అందుకే సంతకాలకూ దరఖాస్తులకూ మాత్రం వేరే పెన్ను వాడు, నీళ్ళు పడితే అక్షరం నిలవదు. డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంకు ఎప్పుడూ పొయ్యొద్దు, అందులో లక్క ఉంటుంది, ఎండితే ఇక అంతే. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేద్దామంటే అది ముంచి రాసే పుల్లకలానికి సరిపోతుంది, ఈ పెన్నులకు కాదు. ఇనుము కలిసిన ఆ పులుపు స్టీలు పాళీని తినేస్తుంది. రెండు కంపెనీల ఇంకులు కలపడం కూడా వద్దు, కలిస్తే లోపల మడ్డి కట్టొచ్చు.

కర్నూలు నుంచి:

చాలా థాంక్సన్నా, అక్కా. పార్కర్‌లో తొడుగు, పట్టీ ఉన్నాయి. నొక్కుతుంటే నీలం నీళ్ళు వస్తూనే ఉన్నాయి, చివరికి తేట నీళ్ళొచ్చాక రాయల్ బ్లూ నింపితే హాయిగా రాస్తోంది! లావు పెన్ను మాత్రం రాస్తోంది గానీ ఉన్నట్టుండి కాగితం మీద పెద్ద చుక్క పడుతోంది. నోట్సు పాడవుతుందని టెన్షన్. పగిలిందంటారా?

అనంతపురం నుంచి:

పగలలేదులే. ఇంకు అయిపోతూ వచ్చినప్పుడే పడుతోంది కదూ? గొట్టంలో ఖాళీ పెరిగితే గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకును బయటికి నెడుతుంది. మన ఎండాకాలంలో ఇది ఇంకా ఎక్కువ. మూడో వంతు మిగిలినప్పుడే మళ్ళీ నింపెయ్, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకో, రాసే ముందు ఒక్క క్షణం పాళీ పైకి పట్టుకుంటే లోపలి గాలి సర్దుకుంటుంది. మర దగ్గర చెమ్మ కనిపిస్తే ఆర్వో ఫిల్టరు బాగుచేసేవాళ్ళ దగ్గర సిలికాన్ గ్రీజు అడిగి మర చుట్టూ పల్చగా పుయ్యి. వ్యాజిలిన్ వద్దు, రబ్బరుకు మంచిది కాదు.

కడప నుంచి:

ఇంకొకటమ్మా, పరీక్షలయ్యాక వాడకుండా పక్కన పెట్టేటట్టయితే ఇంకు నింపి ఉంచకు. ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి పెట్టు. గోధుమ రంగు పోగొట్టాలని పాలిష్ పట్టించొద్దు, గొట్టం మీద చెక్కిన పేరుంటే అదీ అరిగిపోతుంది. మీ జేజినాయన వాడిన రంగు అలాగే ఉండనీ. నోట్సుకు మరీ పల్చటి కాగితం కాకుండా కాస్త నున్నటి లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో, ఇంకు పాకకుండా వత్తులు విడివిడిగా కనిపిస్తాయి.