అతసీపుష్పం, అవిసెపువ్వు: ఆ ‘వి’ ఎక్కడిది?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. కృష్ణాష్టకంలోని ‘అతసీపుష్పసంకాశం’ అన్న పాదం రెండు రోజులుగా నాలుక మీద ఆడుతోంది, తర్వాతి పాదం మాత్రం తట్టడం లేదు. చిన్నప్పుడు మాకు చెప్పిన అర్థం ‘అవిసెపువ్వు వంటి మేనిఛాయ గలవాడు’ అని. మా పెరటి అవిసె తెల్లగా పూస్తుంది. నల్లనయ్యకు తెల్లపువ్వుతో పోలిక ఎలా కుదిరింది?

జవాబు: తర్వాతి పాదం ‘హారనూపురశోభితం’. ‘అతసీ స్యాదుమా క్షుమా’ అని అమరకోశం, మన పాత సంస్కృత నిఘంటువు, చెప్పినది మీ పెరటి చెట్టును కాదు, నారకూ నూనెగింజకూ పండించే పైరును. నారబట్టకు క్షౌమమన్న మాట ఆ క్షుమ నుంచే పుట్టింది. దాని పువ్వుకు అయిదు నీలపు రేకులు, ఉదయం విచ్చి మధ్యాహ్నానికి రాలిపోతాయి. ఆ గింజలనూ మనం అవిసెలే అంటాము కనుక రెండు మొక్కలూ ఒక పేరు కింద చేరాయి.

మరొకరు: చేరాయని ఊరుకుంటే చాలదు. చెట్టు అవిసెకు సంస్కృతంలో అగస్తి అని పేరు. అగస్తి అగిసె అయి, అగిసె అవిసె అయింది. తమలపాకు తోటలో ముందు అవిసె గింజలు వరుసలుగా విత్తి, మొక్కలు లేచాక వాటి మీదికి తీగను పాకిస్తాము. నీడ ముదిరితే కొమ్మలు నరుకుతాము, ఆ రొట్ట పశువులకు మంచి మేత. వేళ్ళ బుడిపెలు నేలకు నత్రజనిని చేరుస్తాయి. మొగ్గను అరచేతిలో పెట్టుకుని చూడండి, కొంగముక్కులా వంగి ఉంటుంది. బకపుష్పమన్న పేరు ఎంత చక్కగా పెట్టారో అప్పుడు తెలుస్తుంది. అలాంటి చెట్టు పేరును అతసికి అప్పగించడానికి నాకు మనసొప్పదు. గకారం వకారం కావడానికి పగలు–పవలు, పగడము–పవడము సాక్ష్యాలు.

ఇంకొకరు: పగలు సరే. పగడానికి మూలం ప్రవాళం, అక్కడ వకారమే ముందుది. ఆ ఉదాహరణ మీ వాదానికే ఎదురు తిరుగుతుంది.

వేరొకరు: రంగు సంగతి పోతన గారి భీష్మస్తుతి చదివినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ‘త్రిజగన్మోహన నీలకాంతిఁ దనువుద్దీపింప’ అన్న వెంటనే ‘ప్రాభాతనీరజబంధుప్రభమైన చేలము’ అంటాడు. నీలిమేని మీద ఉదయపు ఎండ వంటి వస్త్రం! అతసి పేరు ఎత్తకపోయినా, పొద్దున్నే విచ్చిన ఆ నీలిపూల చేను నా కళ్ళకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ ‘ప్రాభాత’ శబ్దం దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను.

మొదట జవాబిచ్చినవారు: పగడం ఎదురు తిరిగినా పగలు నిలుస్తుంది, కాబట్టి చెట్టుకు అగస్తి మూలమని ఒప్పుకుంటాను. తమిళుల అగత్తి కూడా దానికే బలం. అయితే కన్నడిగులు చెట్టునూ నూనెగింజ పైరునూ కూడా అగసె అంటారు. అతసిలో గకారం లేదు, తకారం గకారమవుతుందని చూపే మాట నాకు ఒక్కటీ దొరకలేదు. మరి పైరుకు ఆ ‘గ’ ఎక్కడి నుంచి వచ్చింది?

తోట గురించి రాసినవారు: చెట్టు పేరే పైరుకు అంటిందని నా నమ్మకం.

మొదట జవాబిచ్చినవారు: నమ్మకం సరే, అంటడానికి ఆ రెండింటికీ పోలికేది? ఒకటి మూరెడు కాయలు వేలాడే చెట్టు, మరొకటి నడుమెత్తు కూడా దాటని పైరు.