కోర్సు నడుస్తుండగానే భాష ఎంత వచ్చిందో ఎలా కొలవాలి?

ప్రశ్న:
60 గంటల ఇంగ్లీషు కోర్సు, తరగతిలో 15 మంది. పాఠం చివరి పరీక్షలో అందరికీ మంచి మార్కులే వస్తున్నాయి. కొత్త విషయం ఇచ్చి మాట్లాడమంటే మాత్రం ఆగిపోతున్నారు. ఎవరు ఎంత ముందుకెళ్లారో తెలిసేలా రికార్డు ఎలా పెట్టాలి?

జవాబు 1:
పాఠం అవగానే పెట్టే పరీక్ష ఆ పాఠం ఎంత గుర్తుందో చెబుతుంది, అంతే. మీకు కావాల్సింది మాటల నమూనాలు. మొదటి వారంలో ఒకటి, తర్వాత 15 గంటలకొకటి చొప్పున ఒక్కొక్కరి చేత 2 నిమిషాలు మాట్లాడించి ఫోన్లో రికార్డు చేయండి. బొమ్మల కథతో మొదలుపెడితే చివరిదాకా బొమ్మల కథే ఇవ్వండి, బొమ్మలు మాత్రం మార్చండి. అవే బొమ్మలైతే రెండోసారి అలవాటు కొద్దీ బాగా చెప్పేస్తారు. ఒకసారి కథ, ఇంకోసారి అభిప్రాయం అడిగితే అసలు పోల్చలేం. ఆలోచించుకోవడానికి ఇచ్చే సమయం కూడా ప్రతిసారీ ఒకటే ఉండాలి.

వినేటప్పుడు నిమిషానికి ఎన్ని మాటలు, వాక్యం మధ్యలో 2 సెకన్లు దాటి ఎన్నిసార్లు ఆగారు, 100 మాటలకు ఎన్ని తప్పులు అన్నవి రాసుకోండి. తడబడి మళ్లీ పలికిన మాటల్ని లెక్కలోంచి తీసేయండి. లేకపోతే తడబడేవాళ్లే వేగంగా మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు.

జవాబు 2:
పైన చెప్పినవాటిలో తప్పుల లెక్కతో జాగ్రత్త. చాలామంది మొదట్లో విన్నది విన్నట్టు ‘వెంట్’ అని సరిగ్గానే అంటారు. గతకాలానికి ‘-ఎడ్’ చేర్చే సూత్రం పట్టుబడగానే ‘గోయెడ్’ మొదలవుతుంది. కొన్నాళ్లకు మళ్లీ ‘వెంట్’కు వస్తారు. మధ్యలో తప్పులు పెరిగాయని మార్కులు కోస్తే, సూత్రం పట్టుకున్నవాళ్లకే అన్యాయం జరుగుతుంది. పొట్టి వాక్యాలతో సరిపెట్టుకునేవాళ్లకు తప్పులు తక్కువే పడతాయి. అందుకే తప్పుల పక్కనే ‘ఎందుకంటే’, ‘అయితే’ లాంటివాటితో కలిపిన వాక్యాలెన్నో కూడా రాయండి.

జవాబు 3:
60 గంటల్లో సీఈఎఫ్‌ఆర్ (భాష ఎంత వచ్చో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా చూపే యూరప్ కొలమానం) స్థాయి మారాలని చూడకండి. ఇంగ్లీషు పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జ్ సంస్థ అంచనాలో ఏ2 చేరడానికి మొదటినుంచి సుమారు 180–200 గంటలు, బీ1కి 350–400. ఆ స్థాయిల్లోని ‘చేయగలను’ వాక్యాలను చిన్న పనులుగా విడగొట్టండి: ‘ఫోన్లో అపాయింట్‌మెంట్ మార్చుకోగలరు’ అన్నట్టు. ఒక్కోదాని ఎదుట ‘సాయంతో’, ‘సొంతంగా’, ‘కొత్త సందర్భంలోనూ’ అని మూడు గడులు పెట్టి, టిక్కు బదులు తేదీ వేయండి. విద్యార్థి తన అంచనాను వేరే కాగితం మీద రాయాలి. మీ గుర్తులకూ వాళ్లవాటికీ తేడా ఎక్కడుందో అక్కడ కూర్చుని మాట్లాడండి.

ఇంకొకటి, చివర్లో మార్కులు వేసేటప్పుడు మొదటి, చివరి రికార్డింగులను తేదీలు కనపడకుండా కలిపేసి వినండి. ఇది చివరిదని ముందే తెలిస్తే చెవికి బాగానే వినిపిస్తుంది. వీలైతే నాలుగో వంతు రికార్డింగులను మరో టీచరు చేత కూడా మార్కులు వేయించండి.