మా స్టేషన్‌లో అవతలి ప్లాట్‌ఫాంకు వీల్‌చైర్ వెళ్లే దారి లేదు: వినతిపత్రం ఎవరికి ఇవ్వాలి, ఏమని రాయాలి?

ప్రకాశం ప్రయాణికుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. విజయవాడ–గూడూరు మార్గంలో, ప్రకాశం జిల్లాలో ఉన్న ఒక మధ్యతరహా స్టేషన్ గురించి అడుగుతున్నాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా అమ్మగారు వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నారు. వైద్యం కోసం ఆమెను తరచూ నెల్లూరు తీసుకువెళ్లవలసి వస్తోంది. స్టేషన్ ముందు ర్యాంపు ఉంది, టికెట్ కౌంటర్ వరకూ ఇబ్బంది లేదు, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద కూడా కుర్చీ సాఫీగానే కదులుతుంది. అయితే నెల్లూరు వైపు వెళ్లే బండ్లు ఎక్కువగా అవతలి ప్లాట్‌ఫాం మీదికే వస్తాయి. అక్కడికి చేరాలంటే వంతెన మెట్లు తప్ప లిఫ్టు లేదు. ప్లాట్‌ఫాం చివర పట్టాలకు అడ్డంగా సామాను ట్రాలీల కోసం వేసిన దారి ఉన్నదని పోర్టర్లు చెబితే తెలిసింది గానీ, ఆ సంగతి చెప్పే బోర్డు స్టేషన్‌లో ఎక్కడా లేదు.

వీల్‌చైర్ బొమ్మ వేసిన బోర్డు ఉన్నది ఒక్కటే, మరుగుదొడ్డి తలుపు మీద. ఆ తలుపుకు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఎవరిని అడగాలో మాత్రం ఆ బోర్డు మీద రాయలేదు.

మా కాలనీవాళ్లందరం సంతకాలు చేసి వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాము. ఎవరికి ఇస్తే పని జరుగుతుంది? లిఫ్టు కావాలని ఒక్కటే గట్టిగా అడగడం మంచిదా?

విశ్రాంత ఉద్యోగి, రైల్వే ఇంజనీరింగ్ విభాగం:

ముందుగా ఆ ట్రాలీ దారి గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది దానినే ర్యాంపు అనుకుంటున్నారు. ప్లాట్‌ఫాం చివరి వాలు సాధారణంగా 1:6 నిష్పత్తిలో ఉంటుంది, అంటే ఒక అడుగు ఎత్తుకు ఆరడుగుల పొడవు. వీల్‌చైర్‌కు ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పే వాలు 1:12. కాబట్టి ఆ దారి కుర్చీకి ఉండవలసిన వాలుకు రెట్టింపు నిటారుగా ఉంటుంది. పార్సిల్ బండిని నలుగురు తోస్తారు కనుక అది చెల్లుతుంది. పెద్దావిడను కూర్చోబెట్టి ఒక్కరే దింపుతుంటే కుర్చీ చేతికి అందకుండా జారిపోయే ప్రమాదం ఉంది. తప్పనిసరై ఆ దారిన వెళ్లవలసి వస్తే, కుర్చీని వెనక్కి తిప్పి దించండి. స్టేషన్ మాస్టరుకు ముందుగా చెప్పి, సిబ్బందిని తోడు పిలుచుకోకుండా మాత్రం ఎన్నడూ దాటవద్దు. అనుమతి లేకుండా పట్టాలు దాటడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అంతకన్నా ముఖ్యంగా ఆ మార్గంలో ఆగకుండా వెళ్లే బండ్ల వేగం మీకు తెలిసినదే.

ఇంకొక మాట. ఎత్తు ప్లాట్‌ఫాం అంటే పట్టాల నుంచి 760–840 మిల్లీమీటర్లు. బోగీ గచ్చు దాదాపు 1,300 దగ్గర ఉంటుంది. అంటే లిఫ్టు వచ్చి మీరు అవతలికి చేరినా, బోగీ ఎక్కడానికి ఇంకా అర మీటరు మిగిలే ఉంటుంది. తలుపు దగ్గర వేసే మడత ర్యాంపును కూడా మీ కాగితంలో అడగండి.

నెల్లూరు నుంచి, వీల్‌చైర్ వాడే వ్యక్తి:

పై మాటలతో ఏకీభవిస్తూనే, లిఫ్టు ఒక్కటే అడగడం సరికాదని నా అభిప్రాయం. లిఫ్టుకు మంజూరు కావాలి, టెండరు కావాలి, తీరా వచ్చాక నడిపే మనిషి లేక మూతబడి ఉన్న లిఫ్టులను నేను చూశాను. ఈలోగా బోర్డుల సంగతి ఎవరూ పట్టించుకోరు. బోర్డు పెట్టవలసింది లిఫ్టు తలుపు మీద కాదు, మనిషి ఎటు వెళ్లాలో తేల్చుకునే చోట: ప్రవేశద్వారం లోపల, టికెట్ కౌంటర్ పక్కన, వంతెన మొదటి మెట్టుకు ముందు. నేను అలవాటుగా వెళ్లే ఒక స్టేషన్‌లో దివ్యాంగుల మార్గమని బాణం గుర్తు వేశారు. దానిని పట్టుకుని వెళితే టీ స్టాల్ వెనుక గోడ వస్తుంది.

దివ్యాంగుల బోగీ చాలా ఎక్స్‌ప్రెస్ బండ్లకు ముందు చివరనో వెనుక చివరనో ఉంటుంది. ప్లాట్‌ఫాం పైకప్పు అంత దూరం రాదు, గచ్చు కూడా అక్కడ పగిలి కంకర తేలి ఉంటుంది. నడవగలిగినవాళ్లు బండి ఆగాక ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తుతారు. రెండు నిమిషాల ఆగుదలలో కుర్చీ ఆ కంకర మీద అంత దూరం వెళ్లలేదు. అందువల్ల బోగీ ఏ వైపు వస్తుందో బండి రాకముందే తెలుగులో ప్రకటించాలని, ఆ చోట నేల మీద గుర్తు వేయాలని, కంకర తేలిన చోట గచ్చు సరిచేయాలని విడివిడిగా రాయండి.

న్యాయవాది, ఒంగోలు:

చట్టం మీ పక్షాన స్పష్టంగానే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ‘ప్రజా భవనం’ అనే నిర్వచనంలోనే రైల్వే స్టేషన్లు, ప్లాట్‌ఫాంలు ఉన్నాయి. 41వ సెక్షన్ స్టేషన్లలో సౌకర్యాల గురించి చెబుతుంది. 45వ సెక్షన్, నియమాలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్లలో పాత భవనాలను అందుబాటులోకి తేవాలంటుంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. భవనాలు పాటించవలసిన అందుబాటు ప్రమాణాలు వాటిలోని 15(1)వ నియమంలో ఉన్నాయి. ఆ ప్రమాణాలు కేవలం సిఫార్సులుగా మిగిలిపోతున్నాయన్న కారణంతో, రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న 15(1)వ నియమాన్ని చట్టవిరుద్ధమని కొట్టివేసి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

కాగితం ఎవరికంటే, విజయవాడ డివిజనల్ రైల్వే మేనేజరుకు. మన జిల్లాలో చాలామంది సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడతారు. రైల్వే కేంద్రం చేతిలోది కనుక అక్కడి నుంచి ఆ అర్జీ మళ్లీ రైల్వేకే చేరుతుంది. డివిజన్ నుంచి జవాబు రాకపోతే ఫిర్యాదు ఢిల్లీలోని దివ్యాంగుల ముఖ్య కమిషనర్‌కు చేయాలి, రాష్ట్ర కమిషనర్‌కు కాదు. స్టేషన్ గేటు బయటి రోడ్డు గుంతలు మాత్రం మున్సిపాలిటీవో పంచాయతీవో కావచ్చు. ఆ ముక్కకు కలెక్టరేటే దారి. అమ్మగారి సదరం సర్టిఫికెట్ నకలు జతపరచండి.

ప్రకాశం ప్రయాణికుడు:

అందరికీ కృతజ్ఞతలు. అయితే రెండు కాగితాలు ఇస్తాము. బోర్డులు, ప్రకటన, మరుగుదొడ్డి తాళం, పగిలిన గచ్చు, మడత ర్యాంపు ఒకదానిలో. లిఫ్టు వేరే దానిలో. విశ్రాంత ఉద్యోగి గారూ, ప్లాట్‌ఫాం చివరి వాలును మేమే టేపు పెట్టి కొలిచి రాయవచ్చునా?

విశ్రాంత ఉద్యోగి, రైల్వే ఇంజనీరింగ్ విభాగం:

కొలవవచ్చు, కానీ పట్టాల వైపు దిగకుండా, స్టేషన్ మాస్టరుకు చెప్పి, ఆయన పంపిన మనిషి సమక్షంలో కొలవండి. వాలు మొదలైన చోట నుంచి ముగిసిన చోటికి పొడవు, రెండు చోట్లకూ మధ్య ఎత్తు తేడా రాస్తే చాలు. నిష్పత్తిని కార్యాలయం వాళ్లే లెక్క కట్టుకుంటారు.