అప్‌డేట్: ‘కెదార్’ క్రియ ఇప్పుడు అర్థమవుతోంది

‘కెదార్’ అనే స్పానిష్ క్రియకు మిగలడం, ఉండడం, నప్పడం, కలుసుకోవడం అని ఇన్ని అర్థాలెందుకని ఇదివరకు అడిగాను. వాటిని బట్టీపట్టడం మాని, వాక్యంలో కర్త ఏదో ముందు వెతకమన్న సలహా నాకు ఎంతో మేలు చేసింది. ‘మే కేదన్ దోస్ ఎఉరోస్’ అన్నప్పుడు కర్త నేను కాదు, రెండు యూరోలు. అందుకే, మన ‘నాకు రెండు యూరోలు మిగిలాయి’లో వలెనే, క్రియ బహువచనంలో ఉంది. ‘లా కమీసా తే కేదా బియెన్’ కూడా ‘ఆ చొక్కా నీకు బాగా నప్పింది’ అన్న పోకడలోనే నడుస్తుందని గమనించినప్పుడు చాలా సంతోషం కలిగింది. ‘కెదార్సే’ అంటే ఉండిపోవడం. స్పెయిన్‌లో ‘కెదామోస్ ఆ లాస్ సియేతే?’ అంటే ఏడింటికి కలుద్దామా అని. దీనికి మాత్రం తెలుగు పోలిక దొరకలేదు కనుక, దానిని వాడుకగానే నేర్చుకుంటున్నాను.