జనవరి 1న మొదలుపెట్టిన డైరీ మూడో వారంలో ఆగిపోతోంది, ఏం చేయాలి?

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్నే ఫోన్ పక్కన పెట్టి, ఈ ఏడాది ఏం చేయాలో ఒక పేజీ రాసుకుంటాను, ఆ తర్వాత రోజూ పడుకునే ముందు పది నిమిషాలు డైరీ. రెండు వారాలు బాగానే సాగుతుంది, మూడో వారంలో ఏదో ఒక రోజు తప్పుతుంది, ఇక అంతే, మళ్లీ ఆ పుస్తకం తెరవబుద్ధి కాదు. రాత్రి 10కి అలారం పెడితే మోగగానే ఆపేసి పడుకుంటున్నాను. యాప్‌లో టిక్‌లు పెట్టి చూశాను, వరుస తెగితే ఇంకా చిరాకు. మూడు లైన్లే రాద్దామన్నా తేడా లేదు. అలవాటు కుదరడానికి 21 రోజులు చాలంటారు గానీ, లండన్ పరిశోధకులు లెక్కేస్తే సుమారు 66 రోజులు తేలిందట, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదట. ఇదంతా తెలిసినా చేయి కదలట్లేదు. ఒక రోజు తప్పాక మర్నాడే మళ్లీ మొదలుపెట్టడానికి మీకు నిజంగా పనికొచ్చింది ఏంటి?